శ్రీ మీద ఎర్ర గీత

పోయిన నెల ఒక సాయంత్రం బెంగళూరు వైట్‌ఫీల్డులో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నాను. చలికాలం వచ్చిందంటే ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన మా బోటి తెలుగువాళ్ళకు పితికిపప్పు పులుసు లేనిదే గడవదు. ఆ పనిలో చేతులు వాటంతటవే కదులుతుంటాయి కాబట్టి మనసు తనకు నచ్చిన చోట్లకు పోయి వస్తుంటుంది. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చి, మనవరాలు బడిలో రాసిన పరీక్ష ఫలితం ఆపేశారని చెప్పింది. పరీక్ష మొదలుకాబోయే ముందు పిల్ల కళ్ళు మూసుకుందట, పెదాలు కదిపిందట, ముఖం కాస్త పక్కకు తిప్పిందట. కంప్యూటరు నెత్తిన కూర్చున్న కెమెరా అదంతా చూసి, ఇది అనుమానించదగిన ప్రవర్తన అని తేల్చి, పిల్ల పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టేసింది. మా అమ్మాయి ఏమీ కంగారుపడలేదు. "సిస్టమ్ ఫ్లాగ్ చేసిందమ్మా, అంతే. అప్పీల్ పెట్టేశాను" అని తన మీటింగుకు వెళ్ళిపోయింది. నా చేతిలోని గింజ మాత్రం పప్పూ తొక్కా కలిసి నలిగిపోయింది.

పాపం ఆ పిల్ల కళ్ళు మూసుకున్నది ఎవరి దగ్గరో జవాబు వినడానికి కాదు. ఏ పని మొదలుపెట్టినా ముందు మనసులో ఒకసారి 'శ్రీ' అని రాసుకోమని నేనే నేర్పాను. ఇప్పుడు పరీక్షకు కాగితం లేదు కాబట్టి మనసులో రాసుకోమన్నాను. కాగితం ఉన్న రోజుల్లో నేను కాగితం మీదే రాశాను. అందుకు నాకు జరిగిన శాస్తి ఏమిటో, దానికి బదులుగా నేను చేసిన శాస్తి ఏమిటో చెప్పాలని ఇది రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, ఇందులో క్షమాగుణం కోసం ఎవరూ వెతకవద్దు. క్షమించమని మా కాన్వెంటులో ప్రతి ఉదయం ప్రార్థనలో చెప్పేవాళ్ళు, నేను చేతులు కట్టుకుని శ్రద్ధగా వినేదాన్ని, అంతకు మించి ఆ విషయంలో నేను చేసింది ఏమీ లేదు.

మాది బెంగళూరు దగ్గర దొడ్డబళ్ళాపురం. నాయన వేరేవాళ్ళ మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు, అమ్మ ఇంట్లో నేత దారం కండెలు చుట్టేది. బెంగళూరు కంటోన్మెంటులో మా మేనత్త ఉండేది. ఆమె రెండు ఆవులను పెట్టుకుని వీధి చివరి కాన్వెంటుకు పాలు పోసేది. ఎండాకాలం సెలవులకు అత్త ఇంటికి వెళ్ళిన నేను ఆమె వెంట పాలచెంబు పట్టుకుని తిరుగుతూ, ఎంత పోశామో నోటితోనే లెక్క చెప్పేయడం చూసి, కాన్వెంటు పెద్దావిడ, అందరూ మదర్ అని పిలిచే ఒక దూరదేశపు సన్యాసిని, ఈ పిల్లను బడికి పంపమని అత్తతో అంది. అలా ఇంగ్లీషు ముక్క రాని నేను ఆ బడిలో చేరాను. మన తరంలో ఇలాంటి బడులు చూసినవాళ్ళకు నేను వర్ణించనక్కర్లేదు: పాదం జారేంతగా రుద్దిన ఎర్ర గచ్చు, గంజిపెట్టిన తెల్లచొక్కాలు, నీలం రిబ్బన్లు, డిసెంబరు పొద్దున్నే అసెంబ్లీలో నోరు తెరిస్తే బయటికొచ్చే పొగ, వరండాలో సిస్టర్ల జపమాలల చప్పుడు. ఆ చప్పుడు వినపడితే మేము అల్లరి ఆపేవాళ్ళం. భయంతో అనుకునేరు, కాదు. ఆ సిస్టర్లు మమ్మల్ని నిజంగా ప్రేమించారు, నా పగలో వాళ్ళ వాటా ఏమీ లేదు.

ఆ బడిలో ఒక అలవాటు ఉండేది. కాథలిక్ ఇళ్ళ పిల్లలు ఏ కాగితం మీద రాయబోయినా ముందు పై అంచున చిన్న సిలువ గీసేవాళ్ళు, లేకపోతే యేసు, మరియ, జోసెఫ్ పేర్ల మొదటి అక్షరాలు మూడు వరసగా రాసేవాళ్ళు. సిస్టర్లే నేర్పేవాళ్ళు. మా ఇంట్లోనూ అదే పద్ధతి, గుర్తు మాత్రం వేరు. నాయన కొత్త పడుగు ఎక్కించిన రోజు మగ్గం దిమ్మె మీద సున్నంతో శ్రీ రాసేవాడు, అమ్మ ఉత్తరం రాయిస్తే ముందు శ్రీ పడిందో లేదో చూసుకుని తరువాతే క్షేమసమాచారం చెప్పేది. కాబట్టి నా పక్కన కూర్చునే పిల్ల సిలువ గీస్తుంటే నేను శ్రీ చుట్టేదాన్ని, ఇద్దరం ఒకరి గుర్తు ఒకరం చూసుకుని నవ్వుకునేవాళ్ళం. ఏ సిస్టరూ ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఇక మా లెక్కల మిస్. ఆవిడ సన్యాసిని కాదు, కాథలిక్కూ కాదు. నాలుగు తరాల కింద బెంగళూరు వచ్చి స్థిరపడిన పెద్ద చదువుల ఇంటి తెలుగావిడ. ఆ బడిలో తెలుగు చదవగలిగిన టీచరు ఆవిడ ఒక్కతే, కానీ ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని ఆవిడ పట్టుదల. నేను పొరపాటున తెలుగులో పలకరిస్తే, ఎవరో తన కొంగు మీద కాలు వేసినట్టు వెనక్కి తిరిగి చూసేది. ఒకసారి చాక్‌పీసు ఎక్కడ ఉందని అడిగితే "ఆడ ఉండాది మిస్" అన్నాను. ఆ రోజు నుంచి క్లాసులో ఎప్పుడు నన్ను లేపినా 'ఉండాది' అని నా మాట తానే సాగదీసి అనేది, తెలుగు రాని పిల్లలు కూడా పగలబడి నవ్వేవాళ్ళు. ఒకసారి మా నోటుపుస్తకాల కట్ట మోసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటి గడపకు పసుపు రాసి, మధ్యలో కుంకుమతో గుండ్రంగా శ్రీ రాసి ఉంది. ఈ గడప సంగతి గుర్తుపెట్టుకోండి, నేనైతే ఏనాడూ మరవలేదు.

ఏడో తరగతి చివర మాకు ఉమ్మడి పరీక్ష ఉండేది. నగరంలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న కాన్వెంటు బడులన్నిటికీ ఒకటే ప్రశ్నపత్రం, ఒకటే ఉదయం, ఒకటే గంట. లక్క ముద్ర వేసిన కవరును మా ఎదురుగానే విప్పేవాళ్ళు. జవాబు కాగితం మీద పేరు రాయకూడదు, నంబరు మాత్రమే, ఎందుకంటే మా కాగితాలు వేరే బడికి వెళ్ళేవి, అక్కడ దిద్దే టీచరుకు పిల్ల ఎవరో తెలియకూడదు. ఎవరిదో తెలిసేలా ఏ గుర్తూ ఉండకూడదని నియమం. ఆ పరీక్షలో బాగా వచ్చిన పేదపిల్లలకు పదో తరగతి దాకా హాస్టల్లో ఉచితంగా చోటు ఇచ్చేవాళ్ళు. నాకు ఆ చోటు తప్ప వేరే దారి లేదు. ఆ వీధుల్లో ఇక పశువులను కట్టకూడదని చెప్పేశారు, అత్తావాళ్ళు ఆవులను తోలుకుని హొసకోట దిక్కు వెళ్ళిపోవడానికి మూటలు కట్టుకుంటున్నారు. చోటు వస్తే చదువు, రాకపోతే ఊరికి వెళ్ళి అమ్మ పక్కన కండెలు. అందులో సందేహం లేదు.

లెక్కల పేపరు రోజున నేను ఎంత ఆనందంగా రాశానో ఇప్పుడు చెప్పినా మీరు నమ్మరు. ప్రశ్నపత్రం చూడగానే అన్నీ నాకు తెలిసినవే అని అర్థమైంది. తొట్టెలో నీళ్ళు నింపే లెక్క, ఎదురెదురు రైళ్ళ లెక్క, చివర ఒక చిక్కు వడ్డీ లెక్క, అన్నీ చేశాను, మళ్ళీ సరిచూసుకున్నాను. గంట కొట్టాక లెక్కల మిస్ వరసగా కాగితాలు తీసుకుంటూ వచ్చింది. నా ముందు పిల్ల కాగితం మీద సిలువ ఉంది, తీసుకుంది. నా పక్కపిల్ల కాగితం మీద మూడు అక్షరాలు ఉన్నాయి, తీసుకుంది. నా కాగితం తీసుకుని ఆగింది. పై అంచున నేను అలవాటు కొద్దీ రాసిన శ్రీ ఉంది. ఆవిడ చెవి వెనక నుంచి ఎర్ర పెన్సిలు తీసి, ఆ శ్రీ దగ్గర మొదలుపెట్టి కాగితం కింది దాకా ఏటవాలుగా ఒక గీత గీసింది. కాగితం చిరిగేంతగా గీసింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

మదర్ వచ్చింది. పాపం ఆవిడకు తెలుగు అక్షరం తెలియదు, అద్దాలు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేమిటని మిస్‌నే అడిగింది. ఆ హాలులోని పెద్దవాళ్ళలో ఆ అక్షరం చదవగలిగింది మిస్ ఒక్కతే, నింద పడిన పిల్లను నేనేం చెప్పినా చెల్లదు. ఇది మా వాళ్ళు రాసుకునే దేవుడి మాట మదర్, మీ పిల్లల సిలువలాంటిదే అని ఒక్క మాట అంటే అక్కడితో అయిపోయేది, మదర్ నా తల నిమిరి కాగితాన్ని కవరులో పెట్టేది. మిస్ ఆ మాట అనలేదు. ఇది గుర్తు, దిద్దే టీచరుతో ముందే మాట్లాడుకుని పెట్టిన గుర్తు అయి ఉండవచ్చు, నియమం అందరికీ ఒకటే అంది. తన గడప మీద రోజూ కుంకుమతో రాసుకునే అక్షరం ఏమిటో తనకు తెలియనట్టే నిలబడింది. మదర్ నా వంక చాలా బాధగా చూసింది గానీ, ఆ అక్షరం చదవలేని మనిషి చదవగలిగిన మనిషి మాట కాదని ఏమంటుంది? మిస్ ఎందుకలా చేసిందని మా అత్త తరువాత చాలా కారణాలు చెప్పింది. నేను ఏ కారణమూ తీసుకోలేదు. కారణాలు వెతికితే కోపం పలచబడుతుంది, నాకు అలా కావడం ఇష్టం లేదు.

కబురు అందగానే నాయన మొదటి బస్సుకే వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకుని, చెప్పులు వరండా మెట్ల దగ్గరే విడిచి, ఎండలో నిలబడ్డాడు. మిస్ బయటికి వచ్చినప్పుడు రెండు చేతులూ జోడించి, "అమ్మా, మా బిడ్డ ఏం తప్పు చేసిందో రొంత చెప్పండమ్మా. తెలీక చేసుంటాది" అన్నాడు. ఆవిడ తెలుగు మనిషని అత్త చెప్పింది కాబట్టే ధైర్యం చేసి తెలుగులో అడిగాడు. ఆవిడ ఆయన ముఖంలోకి చూసి, ఇంగ్లీషులో జవాబు చెప్పింది. ఒక వాక్యం కాదు, చాలా సేపు చెప్పింది. నాయన మధ్యమధ్యలో తల ఊపుతూ విన్నాడు, ఆవిడ ముగించాక నా వంక తిరిగి, "ఏమంటాది మ్మా?" అని అడిగాడు. ఇద్దరు తెలుగువాళ్ళ మధ్య నిలబడి, నేను మోసం చేశానని ఆవిడ ఇంగ్లీషులో అన్నదాన్ని మా నాయనకు నేనే తెలుగులో చెప్పాను. ఆవిడ వింటూనే ఉంది. నేను సరిగ్గా చెప్పానో లేదో కూడా ఆవిడకు తెలుస్తూనే ఉంది. కాగితం మీద గీత గీసిన సంగతిని ఏదో ఒక రోజు మరచిపోయేదాన్నేమో, ఆ ఎండలో గడిచిన కాసేపటిని మాత్రం మరచిపోవడం నా వల్ల కాలేదు.

అలా దొడ్డబళ్ళాపురం వెళ్ళి అమ్మ పక్కన కూర్చున్నాను. రాట్నం తిప్పుతూ కండెకు దారం ఎక్కిస్తుంటే, దారం తెగినప్పుడల్లా ఆవిడ పేరు పళ్ళ మధ్య నమిలేదాన్ని. ఇంకొక సంగతి నన్ను మరీ తినేసేది. రద్దయిన కాగితాన్ని ఎవరూ దిద్దరు. కాబట్టి ఆ పేపరులో నాకు ఎన్ని మార్కులు వచ్చేవో ఈ రోజుకీ తెలియదు. ఆ ప్రశ్నలన్నీ నాకు కంఠతా వచ్చు, కండెలు చుడుతూ వాటిని వరసగా మళ్ళీ మళ్ళీ చేసుకునేదాన్ని, తొట్టె నిండేది, రైళ్ళు ఎదురుపడేవి, అయినా మార్కులు వేసేవాళ్ళు ఎవరూ లేరు. మా అమ్మ నన్ను చూసి భయపడి, ఈ పిల్ల చేతుల్లో పట్టు తెగిపోతా ఉండాది, బడికన్నా పంపు అని నాయన వెంటపడి, చివరికి ఊళ్ళోని సర్కారు హైస్కూల్లో చేర్పించింది.

చాలామంది అడుగుతారు, అంత జరిగాక మళ్ళీ కాన్వెంటుల్లోనే ఎందుకు ఉద్యోగం చేశావని. ఇంకెక్కడ చేయను? టీచరు ట్రైనింగు అయ్యాక సర్కారు ఉద్యోగం వచ్చే వీలున్నా కాదని, బెంగళూరులో ఇంకొక కాన్వెంటులో లెక్కల టీచరుగా చేరాను. ఆ సిస్టర్లకు నేను కష్టపడి పనిచేసే మనిషిని, నెమ్మదస్తురాలిని. పెళ్ళయింది, పిల్ల పుట్టింది, కంటోన్మెంటులో బంగళాలు పడిపోయి అపార్ట్‌మెంట్లు లేచాయి, నేను ఒక మెట్టు తరువాత ఒక మెట్టుగా ఉమ్మడి పరీక్ష ప్రశ్నపత్రాలు తయారుచేసే వాళ్ళలో ఒకతెను అయ్యాను, తరువాత ఆ పరీక్ష నియమాలు చూసే సంఘంలో కూర్చున్నాను. అక్కడిదాకా చేరడానికి నన్ను తోసింది విద్య మీద ప్రేమ అని నా వీడ్కోలు సభలో ఎవరో మాట్లాడారు, నేను దండ వేయించుకుని నవ్వి ఊరుకున్నాను.

సంఘంలో కూర్చున్న మొదటి సమావేశంలోనే నోరు విప్పాను. పిల్లలు కాగితం పైన ఏదో ఒకటి రాస్తారు, సిలువ రాసేవాళ్ళు సిలువ రాస్తారు, శ్రీ రాసేవాళ్ళు శ్రీ రాస్తారు, బిస్మిల్లా రాసేవాళ్ళు అదే రాస్తారు, మనం కొందరివి చూసి ఊరుకుంటున్నాం, కొందరివి కొట్టేస్తున్నాం అన్నాను. అయితే అన్నీ నిషేధిద్దాం అని ఒకరన్నారు. సిలువ గీసే పిల్ల చెయ్యి ఎవరు పట్టుకుంటారని అడిగితే ఆ మాట అక్కడితో వదిలేశారు. అప్పుడు నేను ముందే ఇంట్లో కత్తిరించి తెచ్చిన నమూనా కాగితం తీసి చూపించాను: నంబరుకు పైన ఒక చిన్న గడి, ఆ గడి ఉన్న పట్టీని దిద్దడానికి పంపే ముందే చించేస్తారు, కాబట్టి అందులో ఏం రాసినా ఎవరికీ గుర్తు కాదు. పరీక్ష మొదలుకాబోయే ముందు హాలు పెద్ద నిలబడి, మీ ఇంట్లో ఏది రాసుకుంటారో ఈ గడిలో అదే రాసుకోండి, మార్కులు తీయరు అని పిల్లలందరికీ వినపడేలా చదవాలి, పిల్లలకు వచ్చిన భాషలన్నిటిలో చదవాలి. సంఘం పెద్దగా ఉన్న ఫాదర్ చాలా మెచ్చుకున్నారు, ఇంత మంచి ఆలోచన మనకు ఇన్నాళ్ళూ రాలేదే అన్నారు. నాకు వచ్చి ఎన్నాళ్ళయిందో ఆయనకు తెలియదు.

ఆ ఏడు తనిఖీకి ఏ బడికి వెళతారని అడిగితే నా పాత బడి పేరు చెప్పాను. మదర్ ఎప్పుడో స్వదేశంలో కన్నుమూసింది. మా మిస్ మాత్రం ఉంది, జుట్టు నెరిసింది, ఇంకా కొన్నేళ్ళకు రిటైరు కాబోతోంది, ఆ హాలుకు పెద్ద ఆవిడే. ఎర్ర గచ్చు అలాగే ఉంది. నేను వేదిక మీద కుర్చీలో కూర్చున్నాను, ఆవిడ నా ఎదుట నిలబడి కాగితం విప్పి ఇంగ్లీషులో చదివింది. కన్నడంలో కూడా చదవమన్నాను, చదివింది. ఇక్కడ తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు కదా, తెలుగులో కూడా చెప్పండి మిస్ అన్నాను. ఆవిడ నా వంక చూసింది. ఆ హాల్లో, అందరి ఎదుట, ఆవిడ నోటి నుంచి తెలుగు వినడం అదే మొదలు. "మీ ఇంట్లో ఏం రాసుకుంటే అదే ఇక్కడ రాసుకోండి అమ్మా, తప్పేమీ లేదు" అంది. వెనక నుంచి వినపడలేదు, మళ్ళీ చెప్పండి అన్నాను. మళ్ళీ చెప్పింది. ముందు వరసలో ఒక బక్కపిల్ల తల వంచుకుని గడిలో గుండ్రంగా శ్రీ చుట్టుకుంది. నా ఒంట్లో ఏ మూలనో బిగుసుకుని ఉన్న నరం ఒకటి సడలింది. ఎంత హాయిగా ఉందో చెబితే మీరు నన్ను మంచిదాన్ని అనుకోరు, అయినా చెబుతున్నాను.

పరీక్ష అయ్యాక స్టాఫ్ రూములో టీ ఇచ్చారు. ఆవిడే నా దగ్గరికి వచ్చి, మర్యాదగా, "మీరూ తెలుగువారేనా? ఏ ఊరండీ?" అని అడిగింది. ఈ ప్రశ్న కోసం నేను ఏళ్ళ తరబడి జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నాను. "దొడ్డబళ్ళాపురం మిస్. మా నాయన ఇంకా ఉండాడు. మీరు ఆ పొద్దు ఇంగ్లీషులో చెప్పింది ఆయనకు ఈ పొద్దుకీ అర్థం కాలా" అన్నాను, ఉండాడు అనే మాటను బాగా ఒత్తి మరీ. ఆవిడ ఆలోచించింది, నిజంగానే ఆలోచించింది. చివరికి తల అడ్డంగా ఊపి, "ఎంతోమంది పిల్లలు వచ్చి పోయారమ్మా, గుర్తులేదు" అని నవ్వి, టీ చల్లారిపోతోంది తాగమంది. నటన కాదు. నన్ను, నా కాగితాన్ని, ఎండలో నిలబడిన మా నాయనను, అన్నిటినీ శుభ్రంగా మరచిపోయింది. నాకు మొదటిసారి కంటే ఎక్కువ ఒళ్ళు మండింది. అందుకే ఆవిడ రిటైరయ్యే దాకా ప్రతి ఏడూ తనిఖీకి ఆ బడికే వెళ్ళాను, ప్రతి ఏడూ తెలుగులో చదివించాను, ప్రతి ఏడూ వెనకవాళ్ళకు వినపడలేదన్నాను.

మొదటి తనిఖీలో జరిగినదంతా నాయనకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయనకు అప్పటికే చూపు మందగించింది, నులకమంచం మీద పడుకుని విన్నాడు. మెచ్చుకుంటాడని కాచుకుని కూర్చున్నాను. "పెద్దామె గదా, నిలబెట్టి చదివించినావా?" అని అడిగాడు. అవునన్నాను. "కుర్చీ ఏయాల్సింది మ్మా" అని పక్కకు తిరిగి పడుకున్నాడు. ఆయన మీద కూడా కొన్నాళ్ళు అలిగాను. ఎండలో నిలబడింది ఆయన, ఆయనకు లేని కోపం నాకెందుకని మీరు అడగవచ్చు. ఆయనకు రాని ఇంగ్లీషు నాకు వచ్చు కదా, అందుకు.

ఇప్పుడు మిస్ లేదు, నాయన లేడు. మా గడి కూడా లేదు. పరీక్ష కంప్యూటరు మీదికి ఎక్కినప్పుడు నంబరు పైన గడి ఎందుకో కొత్తవాళ్ళకు అర్థం కాలేదు, తీసేశారు. పరీక్ష మాత్రం అలాగే ఉంది, బడులన్నిటికీ ఒకటే ఉదయం, ఒకటే ప్రశ్నలు. అందుకే మనవరాలి సంగతి విన్న మర్నాడు పొద్దున్నే మంచి పట్టుచీర కట్టుకుని, ఆటో ఎక్కి దాని బడికి, అదీ కాన్వెంటే, వెళ్ళాను. ఇంత వయసులో మళ్ళీ ఒక మనిషిని ఎదుర్కోబోతున్నానని, చెప్పుకుంటే సిగ్గుచేటు, ఒంట్లో హుషారుగా కూడా ఉంది. ప్రిన్సిపాల్ సిస్టరు మా అమ్మాయి కంటే చిన్నది. నన్ను కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, నేను చెప్పినదంతా విని, క్షమించమని అడిగింది. రద్దు చేసింది ఎవరు, ఆ మనిషిని చూపించండి అన్నాను. "ఎవరూ చేయలేదమ్మా, సిస్టమే చేసింది" అంది. ఆ సిస్టమ్ తయారుచేసిన వాళ్ళెవరంటే ఏదో కంపెనీ అంది, వాళ్ళకు ఉత్తరం పెడితే జవాబు కూడా సిస్టమే పంపుతుందని తానే బాధపడింది. శనివారం మళ్ళీ రాయిస్తానని మాట ఇచ్చింది. అంత మంచి మనిషి మీద ఎలా విరుచుకుపడను? తీసుకువెళ్ళిన కోపాన్ని తీసుకువెళ్ళినట్టే వెనక్కి తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని ఏదో తింటోంది. శనివారం సంగతి చెప్పి, నీ తప్పేమీ లేదురా తల్లీ అన్నాను. "పర్లేదు అవ్వా, తప్పు నాదే. నెక్స్ట్ టైం కళ్ళు మూసుకోను" అంది, చాలా మామూలుగా. శనివారం అలాగే కళ్ళు తెరుచుకునే రాసింది, మంచి మార్కులు వచ్చాయి, మా అమ్మాయి ఫోనులో పచ్చ గుర్తు చూపించింది, ఇంట్లో అందరూ సంతోషించారు.

నాకు మాత్రం ఆ పిల్ల మాట లోపల దిగిపోయింది. దాని వయసులో నా చదువు పోయింది, మా నాయన పరువు పోయింది, అయినా తప్పు నాదేమో అని నాకు ఒక్క పూట కూడా అనిపించలేదు. ఎందుకంటే తప్పు ఎవరిదో నాకు తెలుసు, ఆవిడ ఏ వీధిలో ఉంటుందో, ఏ రంగు చీర కడుతుందో, చెవి వెనక పెన్సిలు ఎటు పక్క పెడుతుందో కూడా తెలుసు. ఆ ముఖాన్ని తిట్టుకుంటూ నేను నిటారుగా నిలబడ్డాను, ఆ ముఖాన్ని వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చాను. ఈ పిల్లకు తిట్టుకోవడానికి ఒక ముఖం లేదు, అందుకని ఆ నింద తన మీదే వేసుకుని, నేను నేర్పిన శ్రీని తనే చెరిపేసుకుంది. నా నగలు, దొడ్డబళ్ళాపురం చీరలు, లెక్కల పుస్తకాలు అన్నీ దానికే రాసి ఇవ్వగలను. మా మిస్ బతికి ఉంటే ఆవిడను కూడా దానికే ఇచ్చి పోయేదాన్ని.